డేటాబేస్‌లో లావాదేవీల నిరీక్షణ: బ్లాక్‌లో చోటు చాలకపోతే?

ఇద్దరు ఖాతాదారులు ఒకే క్షణంలో తమ తమ ఖాతాల నుంచి డబ్బు పంపుతున్నారనుకుందాం. ఒకరి ఖాతాతో మరొకరికి ఎటువంటి సంబంధమూ లేదు. అయినప్పటికీ ఒకరి లావాదేవీ ముగిసేవరకు మరొకరిది నిలిచిపోయే పరిస్థితి ఏర్పడవచ్చు. సర్వర్ సామర్థ్యం, నెట్‌వర్క్ వేగం తగినంత ఉన్నా ఈ ఇబ్బంది తప్పకపోవచ్చు. సమాచారాన్ని భద్రపరచే బ్లాక్‌లో కొన్ని బైట్ల స్థలం కొరవడటం ఇందుకు ఒక కారణం. ఒరాకిల్ డేటాబేస్‌లో ఈ ఏర్పాటు ఎలా ఉంటుందో పరిశీలిద్దాం.

గడుల అమరిక

ఒరాకిల్ తన సమాచారాన్ని బ్లాక్‌ల రూపంలో నిల్వ చేస్తుంది. బ్లాక్ సాధారణ పరిమాణం 8 కిలోబైట్లు. వరుసలు చిన్నవైతే వందకు పైగా ఖాతాల వివరాలు ఒకే బ్లాక్‌లో ఇమిడిపోతాయి. ప్రతి బ్లాక్ శీర్షభాగంలో ఒక చిన్న జాబితా ఉంటుంది. దీనిని ఇంటరెస్టెడ్ ట్రాన్సాక్షన్ లిస్ట్, సంక్షిప్తంగా ఐటీఎల్ అంటారు. బ్లాక్‌లోని ఏ వరుసనైనా మార్చదలచిన లావాదేవీ ముందుగా ఈ జాబితాలో ఒక గడిని పొందాలి. ఆ లావాదేవీ గుర్తింపు సంఖ్య, పాత విలువలను భద్రపరచిన అన్‌డూ చిరునామా అందులో నమోదవుతాయి. మారుతున్న వరుసలోని ఒక బైటు ఆ గడి సంఖ్యను సూచిస్తుంది. వరుసకు తాళం పడినట్లు తెలిపే గుర్తు అదే.

తాళాల వివరాలు బ్లాక్‌లోనే ఉండటం వల్ల లక్షల వరుసలకు తాళం పడినా, వాటికోసం మెమరీలో వేరే పట్టీ నిర్వహించాల్సిన అవసరం లేదు. అయితే గడుల సంఖ్యకు హద్దు ఉండటం ఈ పద్ధతిలోని చిక్కు.

నిరీక్షణ ఎప్పుడు?

పట్టికలోని బ్లాక్‌కు ఆరంభంలో సాధారణంగా రెండు గడులు ఉంటాయి. అవి రెండూ కొనసాగుతున్న లావాదేవీల చేతిలో ఉండగా మూడవది వస్తే, బ్లాక్‌లోని ఖాళీ స్థలంలో మరో గడి ఏర్పడుతుంది. ఒక్కో గడికి సుమారు 24 బైట్లు కావాలి. గరిష్ఠ పరిమితి 255 అయినా, బ్లాక్ చిన్నదైతే అన్ని గడులకు చోటు ఉండదు. వరుసల విస్తరణకు పీసీటీఫ్రీ అనే అమరిక ద్వారా సాధారణంగా 10 శాతం స్థలాన్ని విడిచిపెడతారు. ఆ స్థలం కూడా నిండిపోతే కొత్త గడికి చోటు దొరకదు. అప్పుడు తాను మార్చదలచిన వరుసను ఎవరూ తాకకపోయినా, గడి పొందిన లావాదేవీల్లో ఒకటి ఖరారు కావడమో రద్దు కావడమో జరిగేవరకు కొత్త లావాదేవీ వేచి ఉండాల్సిందే.

రెండు లావాదేవీలు వేర్వేరు బ్లాక్‌లలో ఒకదాని గడి కోసం మరొకటి ఎదురుచూస్తే ప్రతిష్టంభన తలెత్తుతుంది. ఒరాకిల్ దానిని గుర్తించి, ఒక లావాదేవీ ఇచ్చిన ఆదేశాన్ని రద్దు చేస్తుంది.

పరిష్కార మార్గాలు

ఒకేసారి అనేక మార్పులు జరిగే పట్టికలకు ఇనిట్‌ట్రాన్స్ అనే అమరికను పెంచి, ముందుగానే ఎక్కువ గడులను కేటాయించవచ్చు. పది గడులకు అయ్యే స్థలం దాదాపు 240 బైట్లు మాత్రమే. అయితే ఈ మార్పు కొత్త బ్లాక్‌లకే వర్తిస్తుంది. పాత బ్లాక్‌లకూ వర్తించాలంటే పట్టికను తిరిగి నిర్మించి, దాని ఇండెక్స్‌లను కూడా పునర్నిర్మించాలి. పీసీటీఫ్రీని పెంచడం మరో మార్గం. దీనివల్ల ఒక్కో బ్లాక్‌లో వరుసలు తగ్గి, డిస్క్ వినియోగం పెరుగుతుంది. లావాదేవీలను త్వరగా ముగించేలా ప్రోగ్రాములు రాయడం వీటన్నిటికంటే మౌలికమైన జాగ్రత్త.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ఇటువంటి గడుల జాబితా లేదు. అక్కడ లావాదేవీ సంఖ్య వరుసలోనే నమోదవుతుంది. అయితే మార్పు జరిగిన ప్రతిసారీ వరుసకు కొత్త ప్రతి ఏర్పడుతుంది కనుక, పాత ప్రతులను వాక్యూమ్ ప్రక్రియతో తొలగిస్తూ ఉండాలి.

రద్దీ లేనంతవరకు గడుల కొరత బయటపడదు. వేల మంది ఒకేసారి ఆధారపడే సేవల్లో ఈ కొద్దిపాటి స్థలాన్ని పట్టిక రూపొందించే దశలోనే అంచనా వేసుకోవడం మేలు. సేవ మొదలైన తరువాత పట్టికను తిరిగి నిర్మించడం శ్రమతో కూడిన పని.