తలకిందుల గోపురం... తడి ఆరని కాలవ!

వెనిస్ వెళ్ళాలని నాకు చిన్నప్పటి నుంచీ కోరిక! 1979లో వచ్చిన హిందీ సినిమా 'ది గ్రేట్ గ్యాంబ్లర్'లో అమితాబ్ బచ్చన్, జీనత్ అమన్ ఆ ఊరి కాలవల్లో పడవెక్కి పాడుకుంటూ పోతారు. నేను పుట్టక ముందు సినిమా అయినా, ఆ పాట టీవీలో వచ్చిన ప్రతిసారీ అన్నం కంచంతో సహా పరుగెత్తేవాణ్ణి. కానీ ఫ్రీలాన్సు జర్నలిస్టు జేబు ఆదోని స్టేషను దాటి ఎంత దూరం పోతుంది చెప్పండి? గుంతకల్లు, బళ్ళారి, హోస్పేట... అక్కడికి పోతుంది. అక్కణ్ణించి బస్సులో పదమూడు కిలోమీటర్లు పోతే హంపీ. కాలవల నగరమే కావాలంటే అదీ కాలవల నగరమే! (బెజవాడలో మూడు కాలవలు లేవా అంటారేమో. ఉన్నాయి. కానీ బెజవాడలో చలికాలమెక్కడిది?)

2025 జనవరి మొదటి వారం. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు ఇంకా వారం ఉంది. మామను కూడా రమ్మన్నాను. రమ్మనడానికి కారణముంది. మామకు తుంగభద్ర దిగువ కాలవ కింద, మా వాళ్ళ మాటలో ఎల్లెల్సీ కింద, మూడెకరాలుంది. అదీ పిల్లకాలవ చిట్టచివర! నీళ్ళొస్తే పంట, రాకపోతే ఆకాశం. ఆ మూడెకరాలూ అమ్మడానికి సిద్ధపడి, బయానా కూడా తీసుకున్నాడు. జాతర కాగానే రిజిస్ట్రేషను. అత్త పది రోజులుగా ఆయనతో మాట్లాడటం మానేసింది.

"నీళ్ళు సూసేకి దుడ్లు పెట్టుకోని పోవల్లా అల్లుడా?" అన్నాడు మామ. అంటూనే సంచి సర్దుకున్నాడు. బయానా నోట్లు బనియను జేబులో పెట్టి పిన్నీసు గుచ్చుకున్నాడు. ఇంట్లో ఉంచితే అత్త తీసుకుపోయి వాపసు ఇచ్చేస్తుందని భయం!

తెల్లవారి విరూపాక్ష గుడికి పోయాం. సినిమా ప్రియులారా, మీరు హంపీలో ఇంకేమీ చూడకపోయినా ఫరవాలేదు, గుడి వెనకవైపున్న చీకటి గది మాత్రం చూడండి. గోడలో చిన్న సందు. దానికెదురుగా ఉన్న గోడ మీద, ముందున్న పెద్ద గోపురం తలకిందులుగా కనిపిస్తుంది! యాభై మీటర్ల ఎత్తు గోపురం అక్కడ మనిషంతై వేలాడుతూ ఉంటుంది. మన కెమెరా పనిచేసే సూత్రం అదే. పై నుంచి వచ్చే వెలుగు సందు దాటి కిందికి పోతుంది, కింది వెలుగు పైకి పోతుంది. లెన్సు లేదు, ఫిల్ము లేదు... టిక్కెట్టు కూడా లేని సినిమా! మామ గోడను తడిమి చూసి, "రంగు ఏసినారేమో అనుకుంటి" అన్నాడు.

మనకు ఈ ఊరు సినిమాల్లోంచే తెలుసు. బి.ఎన్. రెడ్డి 'మల్లీశ్వరి' (1951), బి.ఎస్. రంగా 'తెనాలి రామకృష్ణ' (1956), కమలాకర కామేశ్వరరావు 'మహామంత్రి తిమ్మరుసు' (1962)... మూడింటా రాయలవారి రాజ్యమే. తరవాత్తరవాత సింగీతం 'ఆదిత్య 369' (1991)లో బాలకృష్ణ కాలయంత్రమెక్కి మరీ వచ్చాడు. చివరికి జాకీచాన్ కూడా 'ది మిత్' (2005) కోసం ఈ రాళ్ళ మధ్య గెంతి వెళ్ళాడు! యాభై రూపాయల కొత్త నోటు తిప్పి చూడండి, విఠలాలయం ముందున్న రాతిరథం అందులో ఉంది. ఒకే రాయి అనుకుంటాం గానీ, రాళ్ళు పేర్చి కట్టిందే.

ఇవన్నీ మామను పెద్దగా కదిలించలేదు. ఆయన్ను కదిలించింది బడవిలింగం. ఉగ్రనరసింహుడి పక్కనే చిన్న గుడి, లోపల మూడు మీటర్ల నల్లని లింగం. లింగం చుట్టూ నీళ్ళు. ఎవరో బిందెతో పోసినవి కావు, కాలవ నీళ్ళే గుడిలోంచి పారుతున్నాయి! మామ చెప్పులు వదిలి, ఆ నీళ్ళు వచ్చే దారి వెతుక్కుంటూ బయలుదేరాడు. నేను వెనక.

దాన్ని 'హిరియ కాలువె' అంటారు. అంటే పెద్ద కాలవ. గుళ్ళున్న భాగానికీ, రాజులున్న భాగానికీ మధ్య లోయలో పారుతుంది. 1336లో మొదలైన నగరం 1565లో రాక్షసి తంగడి యుద్ధం తరవాత పాడుపడింది. అంతఃపురాలు కూలాయి, బజార్లు మట్టి కప్పుకున్నాయి. రాయల కాలంలో ఈ ఊరు చూసి రోము నగరమంత ఉందని రాసిన పోర్చుగీసు యాత్రికుడు పేస్ మళ్ళీ వస్తే గుర్తుపట్టలేడు. కాలవను మాత్రం పడతాడు! అది ఇంకా అరటితోటలకూ వరిమళ్ళకూ నీళ్ళిస్తోంది. రాజుల ఆవరణలో తవ్వకాల్లో బయటపడిన మెట్లకోనేరు కూడా చూశాం. నల్లరాయి మెట్లు. ఏ రాయి ఎక్కడ పెట్టాలో రాళ్ళ మీదే గుర్తులు చెక్కారు. దానికి నీళ్ళు తెచ్చే రాతి తొట్టికాలవ రాతి స్తంభాల మీద ఇంకా నిలబడి ఉంది. నీళ్ళు మాత్రం రావు.

మామ పెద్దకాలవ గట్టున కూర్చుని ఒక రైతును కన్నడంలో పలకరించాడు. ఎమ్మిగనూరు మనిషికి కన్నడం కొత్తా? చివరి మడికి నీళ్ళెట్లా వస్తాయని అడిగాడు. వంతులుంటాయట, రాత్రి వంతయితే లాంతరు పట్టుకుని గట్టు వెంట నడిచేవాళ్ళట, ఇప్పుడు సెల్‌ఫోను లైటు. "అడ్డం ఏస్తే?" అన్నాడు మామ. "వేస్తారు. పోయి తీస్తాం. పోట్లాడతాం" అన్నాడా రైతు నవ్వుతూ.

మామ చాలాసేపు మాట్లాడలేదు. నాకొకటి గుర్తొచ్చింది. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం పంతొమ్మిదో గేటు కొట్టుకుపోయినప్పుడు ఈయన రెండు రాత్రులు నిద్రపోలేదు. డ్యాం ఖాళీ అయిపోతే ఎట్లా అని టీవీ ముందే కూర్చున్నాడు. అమ్మేయాలనుకునేవాడికి ఆ దిగులెందుకు? అడగాలనుకున్నాను, అడగలేదు. ఆ డ్యాం కుడివైపు నుంచే మా ఎల్లెల్సీ బయలుదేరుతుంది. ఈ పెద్దకాలవా, మా కాలవా ఒక్క నదికి ఒక్క ఒడ్డున పుట్టినవే.

సాయంత్రం పుట్టి ఎక్కాం. వెదురుతో అల్లిన గుండ్రటి పడవ. నడిపేవాడు సరదాకి నది మధ్యలో గిర్రున తిప్పాడు. అమితాబ్ లేడు, జీనత్ అసలే లేదు, పక్కన కళ్ళు మూసుకుని బనియను జేబు గట్టిగా పట్టుకున్న మా మామ! చలిగాలికి చెవులు మొద్దుబారాయి. నాకు మాత్రం పాట వినిపించింది, నిజం.

మీరు వెళితే డిసెంబరు, జనవరిలోనే వెళ్ళండి. ఎండాకాలంలో ఆ బండల మీద అడుగు పెట్టలేరు. పొద్దున్నే తిని బయలుదేరండి. మాకు మాత్రం ఆదోని ఉగ్గాని బజ్జీ అడుగడుగునా గుర్తొచ్చింది.

తిరుగు రైల్లో గుంతకల్లు దాటాక మామ జేబుకున్న పిన్నీసు తీశాడు. నోట్లు లెక్కపెట్టాడు. మళ్ళీ లోపల పెట్టి, "ఇందులో నూటాయాభై ఖర్చయిపాయె గదరా" అన్నాడు.

"ఎవరికి కట్టాలి మామా?" అన్నాను.

"యాపారికి. వాపసు ఇస్తే పూర్తిగ ఇయ్యల్ల గదా! నీ కాడ ఉంటే ఇయ్యి."

ఇచ్చాను. ఆదోని స్టేషన్లో దిగి ఎమ్మిగనూరు బస్సు ఎక్కేముందు వెనక్కి తిరిగి, "ఈసారి మీ అత్తను పిల్చుకోని పోదాం. ఆ తలకిందుల గోపురం సూపియ్యల్ల" అన్నాడు.