అల్ప వ్యయంతో అరణ్య ఛాయాచిత్రాలు

బైలడిలా గనుల చెంత కిరందుల్, బచేలీలలో నివసించే మన ఉద్యోగ కుటుంబాలకు బస్తర్ అడవి పెరటితోట వంటిది. జగదల్‌పూర్ సమీపాన, 1982లో జాతీయోద్యానంగా ఏర్పడిన కాంగేర్ లోయలో ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి కొండ గోరువంకను ఫొటో తీయాలని ఉవ్విళ్ళూరే కొత్తవారికి మేము చేసే సూచన ఒక్కటే: బోనస్ సొమ్మంతా కొత్త కెమెరాకే వెచ్చించకండి.

సెకండ్‌హ్యాండ్ డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరా చాలు, మిగిలిన సొమ్ముతో 70-300 మి.మీ. లెన్సు కొనండి. పాత లెన్సయితే వెలుతురుకు ఎత్తి, లోపల బూజు లేదని నిర్ధారించుకోండి. సాల వృక్షాల నీడలో వెలుతురు స్వల్పం, ఐ.ఎస్.ఓ. పెంచి, షట్టరు వేగం సెకనులో 500వ వంతుకు తగ్గకుండా చూడండి. బియ్యం నింపిన గుడ్డసంచిని వాహనం అంచున ఉంచితే కెమెరా కదలదు.

గోరువంక చెట్టుతొర్రలో గూడు కడుతుంది. దాని దరికి వెళ్ళకండి. బెదిరిన పక్షి గూడు విడిచిపోవచ్చు. బొమ్మకన్నా ప్రాణి మిన్న.