గని గాలి, వార్డు గాలి

కోలారు బంగారు గనుల్లో (కె.జి.ఎఫ్.) ప్రాణాలు తీసిన ప్రమాదాల్లో రాక్‌బర్స్ట్ అందరికీ తెలిసినది. భూమి లోపలి ఒత్తిడికి బండ ఉన్నట్టుండి పగిలి మీద పడేది. ధూళి అలా కాదు, ఏళ్ళ తరబడి నెమ్మదిగా చంపింది. ఇక్కడి బంగారం క్వార్ట్జ్ రాతిలో ఉండేది. ఆ రాతిని డ్రిల్లు పెట్టి తొలిచినప్పుడు లేచే సిలికా రేణువుల్లో ఐదు మైక్రాన్ల కంటే చిన్నవి ముక్కునూ గొంతునూ శ్వాసనాళాల్లోని జిగురునూ తప్పించుకుని ఊపిరితిత్తుల చివరి గాలిగదుల్లోకి చేరతాయి. 1940లలో కె.జి.ఎఫ్. కార్మికులను పరీక్షించినప్పుడు నూటికి నలభై మందికి పైగా సిలికోసిస్ కనబడింది. మన దేశపు వైద్య చరిత్రలో సిలికోసిస్ అధ్యయనం మొదలైంది ఈ ఊరి కార్మికుల ఊపిరితిత్తుల నుంచే.

ఆ ఐదు మైక్రాన్ల కొలత వైద్యంలో మరోచోట కూడా ముఖ్యమైనది. ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్ అనే బూజు గాలిలోకి వదిలే బీజకణం వ్యాసం రెండు నుంచి మూడున్నర మైక్రాన్లు. అంటే గని కార్మికుడి ఊపిరితిత్తుల అడుగుకు సిలికా ఏ దారిన చేరిందో ఆ దారినే ఈ బీజం కూడా చేరుతుంది. సిలికా రేణువు నిర్జీవం, ఉన్నచోటే ఉండి మచ్చ కట్టిస్తుంది. బూజు బీజానికి ప్రాణముంది, అదను దొరికితే మొలకెత్తుతుంది.

ఆ అదను మనలో చాలామందికి ఎన్నడూ రాదు. ప్రతి మనిషీ రోజూ వందల కొద్దీ బీజాలు పీలుస్తూనే ఉంటాడు. గాలిగదుల్లో కాపలా ఉండే మాక్రోఫేజు కణాలు వాటిని మింగి చంపేస్తాయి. వాటిని తప్పించుకుని మొలకెత్తి పోగుగా సాగిన బూజును న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు చుట్టుముట్టి నాశనం చేస్తాయి. రెండంచెల రక్షణ ఇది. సిలికోసిస్‌లో దెబ్బతినేది మొదటి అంచె. మింగిన సిలికా మాక్రోఫేజునే చంపుతుంది. గని కార్మికులను క్షయ అంతగా పట్టుకోవడానికి ఇదొక కారణం. రక్త క్యాన్సర్‌లో కూలిపోయేది రెండో అంచె.

అక్యూట్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ చికిత్సనే చూడండి. సైటారబిన్ ఏడు రోజులు, డానోరుబిసిన్ మూడు రోజులు ఇవ్వడం దశాబ్దాలుగా ఉన్న పద్ధతి. ఆ మందులు క్యాన్సర్ కణాలతో పాటు మూలుగలోని మంచి కణాలనూ ఊడ్చేస్తాయి. మైక్రోలీటరు రక్తంలో వేలల్లో ఉండాల్సిన న్యూట్రోఫిల్స్ ఐదు వందల కంటే కిందికి, ఒక్కోసారి సున్నాకు పడిపోయి మూడు వారాలకు పైగా అలాగే ఉండిపోతాయి. పది రోజులు దాటిన దగ్గర్నుంచి బూజు ప్రమాదం రోజురోజుకూ పెరుగుతుంది. అడ్డు లేని బూజు పోగులు ఊపిరితిత్తుల రక్తనాళాల గోడలను తొలుచుకుని లోపలికి పోతాయి. నాళం మూసుకుపోయి ఆ భాగం చచ్చిపోతుంది. ప్లేట్‌లెట్లూ అప్పటికే తక్కువ కనుక రక్తం కారితే ఆపడం కష్టం. ఇలా బూజు సోకిన రోగుల మీద 2002లో వెలువడిన పెద్ద పరిశోధనలో పన్నెండు వారాల తర్వాత బతికున్నవారు పాత ఆంఫోటెరిసిన్ మందుతో 58 శాతం, అప్పటికి కొత్తదైన వొరికొనజోల్‌తో 71 శాతం. మెరుగైన మందు ఇచ్చినా పదిమందిలో దాదాపు ముగ్గురు దక్కలేదు. అందుకే ఆస్పర్జిల్లోసిస్ అనే ఈ జబ్బుకు మందు వెతకడం ఎంత ముఖ్యమో, గాలిని కాపాడడం అంత ముఖ్యం.

కోలారు జిల్లాలో ఈ బూజుకు ఇల్లు కాని చోటు తక్కువ. తడిసి వేడెక్కిన రాగిగడ్డి వామి, పేడదిబ్బ, టమాటా మార్కెట్టు పక్కన కుళ్ళే కాయల రాశి, శ్రీనివాసపురం మామిడి తోటల్లో రాలిన ఆకు, అన్నీ దానికి అనువే. యాభై డిగ్రీల వేడిలోనూ పెరగగలదు కనుక ఎరువు కుప్ప లోపలి వేడి దాన్ని చంపదు. పట్టుపురుగులు పెంచే రైతులకు ఆస్పర్జిల్లస్ జాతి బూజు కొత్తది కాదు. లేత పురుగులకు అది సోకుతుందనే చాకి గదిని మందుతో కడిగి శుభ్రంగా ఉంచుతారు. పురుగుల గదికి తీసుకునే ఆ జాగ్రత్త కీమోథెరపీ వార్డుకూ కావాలి.

కె.జి.ఎఫ్. గురించి మరో సంగతి కూడా చెప్పాలి. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డా, ఊరి చుట్టూ బంగారం తీశాక మిగిలినది పోసిన సైనైడ్ దిబ్బలు అలాగే ఉన్నాయి. మొత్తం పదమూడు, వాటిలో ఉన్నది దాదాపు 3.3 కోట్ల టన్నుల పొడి. వేసవి గాలికి ఆ ధూళి ఇళ్ళ మీదికి వస్తుంది. దానితో బూజు వస్తుందని కొందరు భయపడతారు. ఆ పొడి రాతిపొడి, అందులో బూజుకు ఆహారం లేదు. ఊపిరితిత్తులకు అది చేసే హాని వేరు. ఈ రెండు భయాలనూ కలిపేస్తే రెండింటికీ సరైన జాగ్రత్త జరగదు. బూజు కోసం చూడాల్సింది తేమనూ, కుళ్ళునూ, పాత గోడలు పగలగొట్టే పనినీ.

పగలగొట్టే పని ఎంత ప్రమాదమో ఇజ్రాయెల్‌లోని హైఫా నగరం రాంబం ఆసుపత్రి అనుభవం చూపుతుంది. అక్కడ కట్టడం పనులు సాగుతున్న కాలంలో మామూలు వార్డులో చికిత్స పొందిన అక్యూట్ లుకేమియా రోగుల్లో సగం మందికి ఊపిరితిత్తుల ఆస్పర్జిల్లోసిస్ వచ్చింది. ముందుజాగ్రత్తగా ఆంఫోటెరిసిన్ ఇచ్చినా 43 శాతం మందికి వచ్చింది. గాలిలోని సన్నని రేణువులను ఆపే హెపా ఫిల్టర్లున్న కొత్త వార్డుకు మార్చాక ఒక్కరికీ రాలేదు. 2001లో ప్రచురితమైన ఆ వివరాలు చదివాక, ఆసుపత్రిలో కొత్త అంతస్తు వేయడం ఇంజనీర్ల పని మాత్రమేనని నేను ఒప్పుకోలేను. పని మొదలయ్యే ముందే క్యాన్సర్ వైద్యుడితో మాట్లాడాలి, మధ్యలో గాలి చొరని తెర కట్టాలి, శిథిలాలను తడిపి మోయాలి, రోగులను దూరంగా తరలించాలి.

గాలిని అదుపు చేయడం కె.జి.ఎఫ్.కు తెలిసిన విద్యే. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. అక్కడి బండ తాకలేనంత వేడి. పెద్ద ఫ్యాన్లతో, చల్లబరిచే యంత్రాలతో గాలిని పైనుంచి పంపకపోతే మనిషి పనిచేయలేడు. ధూళి లేవకుండా నీళ్ళు కొడుతూ తొలవడం, గాలి ఎటు నుంచి ఎటు పోవాలో నిర్ణయించి అటే నడపడం, గాలిలో రేణువులెన్నో కొలవడం: గని వెంటిలేషన్ విద్య సారమిది. క్యాన్సర్ వార్డుకూ కావలసినవి ఇవే.

పొడి చీపురు మాని తడిగుడ్డతో తుడవడానికి ఖర్చేమీ లేదు. గాలి దిశకు ఖర్చుంది. మూలుగ మార్పిడి రోగుల గదికి అమెరికా సి.డి.సి. 2003లో చెప్పిన కొలతలు ఇవి: గంటకు కనీసం పన్నెండు సార్లు గాలి మారాలి, గది ఒత్తిడి బయటి కంటే 2.5 పాస్కల్స్ ఎక్కువ ఉండాలి, వచ్చే గాలి హెపా గుండానే రావాలి. తలుపు తెరిచినప్పుడు గాలి బయటికే పోవాలి గాని లోపలికి రాకూడదు. హెపా ఉత్త జల్లెడ కాదు. దానికి అతి కష్టమైన 0.3 మైక్రాన్ల రేణువులనే 99.97 శాతం ఆపుతుంది, దానికి పదింతలుండే బూజు బీజం తేలిగ్గా చిక్కుతుంది. అందుకే లోపం వస్తే ఎక్కువగా ఫిల్టరులో కాదు, కిటికీ సందులోనో చెమ్మగిల్లిన ఫాల్స్ సీలింగులోనో వస్తుంది. గోడకు బిగించే మామూలు స్ప్లిట్ ఏ.సి. గదిలోని గాలినే మళ్ళీ మళ్ళీ తిప్పుతుంది, కొత్త గాలి తేదు. దాని తడి కాయిల్, దుమ్ము పట్టిన వల బూజుకే ఆశ్రయమవుతాయి. ఏ.సి. పెట్టాం కనుక వార్డు శుభ్రమైనదనుకోవడం పెద్ద పొరపాటు.

హెపా అన్నిటికీ మందని చెప్పను. 2006లో వచ్చిన ఒక సమీక్ష అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే మరణాల్లో స్పష్టమైన తగ్గుదల తేలలేదు. రోగి గదిలోనే ఉండిపోడు. స్కాన్‌కు పోతాడు, నడవాలో వేచి ఉంటాడు. ఆ దారిలో ఎన్-95 మాస్కు, లోపల పోసాకొనజోల్ లాంటి రక్షణ మందు, గదిలో పూలకుండీ లేకపోవడం, ఇవన్నీ కలిస్తేనే ఫలితం. కొలవడమూ తప్పదు. పెట్రీ పళ్ళెం తెరిచి పెడితే బరువుగా పడేవే దొరుకుతాయి, చిన్న బీజాలు గాలిలోనే తేలుతుంటాయి. కాబట్టి ఇన్ని లీటర్లని కొలిచి గాలిని పీల్చే యంత్రంతో నమూనా తీయాలి.

జిల్లా నుంచి చాలామంది రోగులు బెంగళూరు కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రికి, కొందరు వెల్లూరు సి.ఎం.సి. ఆసుపత్రికి పోతారు. మందెక్కించుకున్నాక మారికుప్పం రైలులోనో బస్సులోనో కిక్కిరిసి తిరిగొస్తారు. న్యూట్రోఫిల్స్ పడిపోయే రోజులు ఒక్కోసారి ఇంటి దగ్గరే గడుస్తాయి. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే చీటీ ఇంగ్లీషులో ఉంటుంది. ముళబాగిలు, శ్రీనివాసపురం పల్లెల్లో ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం. కాబట్టి నర్సు దగ్గర కూర్చుని తెలుగులోనే చెప్పాలి: గడ్డివామి కదిలించేచోట ఉండొద్దు, పేడదిబ్బ తవ్వేటప్పుడు దగ్గరికి పోవద్దు, ఇంటికి మరమ్మతు పెట్టుకోవద్దు. జ్వరం 101 ఫారెన్‌హీట్ దాటితే తెల్లారేదాకా ఆగకుండా దగ్గర్లోని పెద్దాసుపత్రికి వెళ్ళి, కీమో జరుగుతోందని మొదటి మాటగా చెప్పాలి. యాంటీబయాటిక్ మొదలై నాలుగైదు రోజులైనా జ్వరం దిగకపోతే అక్కడి వైద్యుడు బూజును అనుమానించాలి. మామూలు ఎక్స్‌రేలో అది తొలిరోజుల్లో కనబడకపోవచ్చు. ఛాతీ సి.టి. తీయించి, రక్తంలో బూజు ఆనవాలు పట్టే గెలాక్టోమానన్ పరీక్షకు పంపి, ఫలితం రాకముందే మందు మొదలుపెట్టాలో లేదో ఆ రోజే క్యాన్సర్ వైద్యుడితో ఫోన్లో తేల్చుకోవాలి.