MySQL అని రాయకపోయినా మీ డేటా అందులోనే ఉండొచ్చు.. చిన్న లాగిన్‌తో మొత్తం సర్వర్‌నే లాగేసుకునే లోపం కథ ఇదీ!
మైఎస్‌క్యూఎల్ లోపాలు: హ్యాకర్ అంటే ఎక్కడో దూరం నుంచి దాడి చేసేవాడే అనుకుంటాం. కానీ అప్పటికే సర్వర్ లోపల చిన్న లాగిన్ ఉన్నవాడు ఏకంగా యజమాని అయిపోతే? దీన్నే లోకల్ ప్రివిలేజ్ ఎస్కలేషన్ అంటారు. అంటే ఉన్న అధికారాన్ని దొంగదారిలో పెంచుకోవడం.

2016లో సెక్యూరిటీ పరిశోధకుడు దావిద్ గోలున్‌స్కీ ఇలాంటి రెండు లోపాలను బయటపెట్టారు. వాటి నంబర్లు సీవీఈ-2016-6663, సీవీఈ-2016-6664. మైఎస్‌క్యూఎల్‌తో పాటు మరియాడీబీ, పెర్కోనా సర్వర్లపైనా వీటి ప్రభావం పడింది.

ఎలా జరుగుతుందంటే..

మొదటి మెట్టు: పాడైన టేబుల్‌ను రిపేర్ చేసేటప్పుడు డేటాబేస్ ఓ తాత్కాలిక ఫైల్ తయారు చేసి, దానికి పాత ఫైల్ పర్మిషన్లే ఇస్తుంది. పర్మిషన్లు చూడటానికి, మార్చడానికి మధ్య క్షణకాలం గ్యాప్ ఉంటుంది. సరిగ్గా ఆ క్షణంలో ఫైల్‌ను తీసేసి, దాని స్థానంలో వేరే చోటికి వెళ్లే లింక్ పెడితే చాలు. డేటాబేస్ మోసపోతుంది. దాన్ని నడిపే సిస్టమ్ ఖాతా దాడి చేసేవాడి చేతికి వచ్చేస్తుంది. అన్ని డేటాబేస్‌లూ ఆ ఖాతా కిందే ఉంటాయి.

రెండో మెట్టు: డేటాబేస్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేసే ప్రోగ్రామ్ రూట్ అధికారంతో నడుస్తుంది. ఎర్రర్ లాగ్ ఫైల్ స్థానంలోనూ ఇలాగే లింక్ పెడితే, సిస్టమ్‌లోని కీలక ఫైల్ చేతికి చిక్కుతుంది. ఇక సర్వర్ మొత్తం వాడిదే!

అపార్ట్‌మెంట్‌లో ఓ ఫ్లాట్‌లో అద్దెకు దిగినవాడు ముందు వాచ్‌మన్ తాళాల గుత్తి, ఆ తర్వాత ఓనర్ మాస్టర్ కీ కొట్టేసినట్టన్నమాట.

ఎవరికి ముప్పు?

ఒకే సర్వర్‌పై చాలా వెబ్‌సైట్లు నడిచే షేర్డ్ హోస్టింగ్‌లో ముప్పు ఎక్కువ. పక్క సైట్‌లో పాత ప్లగిన్ ద్వారా ఎవరైనా చొరబడితే, ఏ తప్పూ చేయని మీ సైట్ డేటా కూడా పోవచ్చు. అందుకే 'లోకల్' అన్నంత మాత్రాన చిన్న లోపమని వదిలేయకూడదు.

ఏం చేయాలి?

ఈ రెండు లోపాలకూ ప్యాచ్‌లు ఎప్పుడో వచ్చేశాయి. అప్‌డేట్ చేయని పాత వెర్షన్లతోనే సమస్య. సొంత వెబ్‌సైట్ ఉన్నవాళ్లు ఏ డేటాబేస్ వెర్షన్ నడుస్తోందో హోస్టింగ్ సంస్థను అడగాలి. సర్వర్ నడిపేవాళ్లు ప్రతి ఖాతాకూ అవసరమైనంత అధికారమే ఇవ్వాలి. అప్పుడు ఒక తలుపు విరిగినా, ఇల్లంతా పోదు.