మూడు ఒలింపిక్ క్రీడలు: ముకేష్ కుమార్ హాకీ జీవితము

గోదావరికి సమీపముననున్న లక్సెట్టిపేటలో చిన్నతనమున చిర్రగోనె ఆడని పెద్దలుండరు. కర్రతో బంతిని తరుముకొనిపోవు హాకీ యాటను కన్నులార చూచినవారు మాత్రము కొందరే. మన హైదరాబాదున పుట్టిన యొక యాటగాడు ఆ యాటకై మూడు పర్యాయములు ఒలింపిక్ క్రీడలకు పోయి, ఒక్క పతకమైనను లేక తిరిగి వచ్చెనని చెప్పినచో, "అంతకాల మాడి ఏమి గెలిచినాడయ్యా?" అని మీరడుగక మానరు. అడుగదగిన ప్రశ్నయే.

ఆయన పేరు నందనూరి ముకేష్ కుమార్. 1970లో జన్మించెను. దేశము పక్షమున 307 పోటీలాడి 80 గోలులు చేసెను. 1992లో బార్సిలోనా, 1996లో అట్లాంటా, 2000లో సిడ్నీ, ఈ మూడింటను భారత జట్టులో నుండెను. జట్టునకు దక్కిన స్థానములు వరుసగా 7, 8, 7.

ఈ పోటీ నడచు తీరు తెలిసిననే గాని ఆ యంకెల యర్థము బోధపడదు. నాడు 12 జట్లను ఆరేసి చొప్పున రెండు గుంపులుగా విభజించెడివారు. ప్రతి జట్టును తన గుంపులోని తక్కిన యైదింటితో నాడవలెను. ఒక్కొక్క గుంపున మొదటి రెండు జట్లకే సెమీఫైనలు. మూడవదానికి ఎంత బాగుగ నాడినను పతకపు ఆశ లేదు.

సిడ్నీలో మనవారు అర్జెంటీనాను, స్పెయినును ఓడించిరి, ఆస్ట్రేలియాతో సమముగా నిలిచిరి, కొరియాకు ఓడిరి. ఇక మిగిలినది పోలండు. గెలిచినచో సెమీఫైనలు చేతికి వచ్చును. ఒక గోలు ముందుండిరి గూడ. ఆట ముగియుటకు రెండు నిమిషములైనను లేనివేళ పోలండువారు గోలు చేసిరి. 1-1. అంతటితో సరి. పంట కోతకు వచ్చిన వేళ వడగండ్లు పడిన రైతు దుఃఖ మెట్టిదో మీకు నేను చెప్పవలసిన పని లేదు.

అయితే మూడు పర్యాయములును దురదృష్టమే యనుట నాకు సమ్మతము గాదు. భారతదేశము 1928 మొదలు 1956 వరకు వరుసగా 6 ఒలింపిక్ స్వర్ణములను, పిమ్మట 1964లోను 1980లోను స్వర్ణములను గెలిచినది. మనవారి నేర్పు మట్టినేలపై, పచ్చికపై పెరిగినది. మణికట్టు త్రిప్పి బంతిని కర్రకంటించుకొని పోవుటయే వారి విద్య. 1976లో మాంట్రియలునందు పచ్చికకు బదులు కృత్రిమపు తివాచీ పరచిరి. దానిపై బంతి వంకర లేక వేగముగా దొరలును. మణికట్టు నేర్పుకంటె పరుగునకు, దమ్మునకు విలువ హెచ్చినది. ఆ యేడు మనవారికి 7వ స్థానము. అట్టి తివాచీ మిక్కిలి ఖరీదైనది, నీటితో తడుపుచుండవలెను. మన బాలురు మట్టిపై ఆట నేర్చి, పెద్దవారైన పిదప దానిపై కాలు మోపవలసి వచ్చెను.

ముకేష్ కుమార్ ఉత్త చేతులతోనే విరమించెననుకొనరాదు. 1998లో బాంకాకున జరిగిన ఆసియా క్రీడలలో, తుది పోటీ కొరియాతో 1-1గా ముగియగా, పెనాల్టీ స్ట్రోకులలో మన జట్టు గెలిచినది. 1966 తరువాత 32 ఏండ్లకు వచ్చిన స్వర్ణమది. ఆ జట్టులో ఆయనయు కలడు. 1995లో అర్జున పురస్కారము, 2003లో పద్మశ్రీ ఆయనకు లభించినవి.

1980 తరువాత మన హాకీ జట్టునకు మరల ఒలింపిక్ పతకము దొరకినది 2021లో, టోక్యోలో, అదియు కాంస్యము. ముకేష్ కుమార్ ఆడిన మూడు ఒలింపిక్ క్రీడలును ఆ 41 ఏండ్ల నడుమనే పడినవి.