నైన్ సర్కిల్స్ (జామెట్రీ డాష్)

నైన్ సర్కిల్స్ అనేది జామెట్రీ డాష్ అనే లయప్రధానమైన వీడియో ఆటలోని ఒక లెవెల్ (దశ). ఇది ఆటను రూపొందించిన సంస్థ తయారుచేసినది కాదు. జోబ్రోస్ అనే మారుపేరుగల ఒక అభిమాని నిర్మించినది. రుక్కస్ అనే కళాకారుడు కూర్చిన, ఇదే పేరుగల ఎలక్ట్రానిక్ సంగీతం దీనికి ఆధారం. పాటలోని తాళాన్ని చెవికే గాక కంటికీ, వేలికీ కూడా అందించిన తీరు వలన ఇది ప్రసిద్ధి చెందింది. దీనిని అనుసరించి అనేక లెవెళ్ళు వెలువడటంతో, వాటన్నిటినీ ఈ పేరుతోనే ఒక ప్రత్యేక శాఖగా వ్యవహరించడం ఆటగాళ్ళలో వాడుక అయింది.

పేరు

"నైన్ సర్కిల్స్" అనగా తొమ్మిది వలయాలు. ఇటలీ మహాకవి డాంటే 14వ శతాబ్దిలో రచించిన "డివైన్ కామెడీ" కావ్యంలో నరకం తొమ్మిది వలయాలుగా వర్ణింపబడింది. పాశ్చాత్య సాహిత్యంలో ఈ పదబంధం వినగానే స్ఫురించేది ఆ వర్ణనే. జామెట్రీ డాష్‌లో అత్యంత కఠినమైన లెవెళ్ళ తరగతిని "డీమన్" (రాక్షసుడు) అంటారు. నైన్ సర్కిల్స్ ఆ తరగతికి చెందినదే.

ఆట నేపథ్యం

జామెట్రీ డాష్‌ను స్వీడన్‌కు చెందిన రాబర్ట్ టోపాలా రూపొందించాడు. ఆయన సంస్థ రాబ్‌టాప్ గేమ్స్ దీనిని 2013 ఆగస్టులో మొబైల్ ఫోన్లకు, 2014 డిసెంబరులో కంప్యూటర్లకు విడుదల చేసింది. ఇందులో ఆటగాని బొమ్మ తనంతట తానే కుడివైపుకు సాగిపోతుంది. ఆటగాడు చేయవలసినది తెరను తాకడం, వదలడం మాత్రమే. ముల్లును గాని అడ్డుగోడను గాని ఢీకొంటే మళ్ళీ మొదటి నుండి ఆడాలి. ఆటతోపాటే లెవెల్ ఎడిటర్ అనే సాధనం కూడా లభిస్తుంది. దానితో ఎవరైనా సొంత లెవెళ్ళు నిర్మించి, న్యూగ్రౌండ్స్ అనే వెబ్‌సైటులోని పాటలను వాటికి జతచేయవచ్చు.

తాళానికీ దూరానికీ సంబంధం

ఈ ఆటలో ప్రయాణవేగం ఆటగాని చేతిలో ఉండదు. సాధారణ వేగంలో బొమ్మ సెకనుకు సుమారు 10 గళ్ళ దూరం సాగుతుంది. కాబట్టి గళ్ళలో కొలిచిన దూరం కాలానికి కూడా కొలతే అవుతుంది. ఉదాహరణకు ఒక పాటలో నిమిషానికి 120 దెబ్బలు పడితే, దెబ్బకూ దెబ్బకూ మధ్య అర సెకను వ్యవధి ఉంటుంది. అర సెకనులో బొమ్మ సుమారు 5 గళ్ళు దాటుతుంది. ప్రతి 5 గళ్ళకు ఒక అడ్డంకి ఉంచితే, ఆటగాని వేలు తాళం ప్రకారమే కదలవలసి వస్తుంది. లెవెల్ నిర్మాణానికి ఇదే మూలసూత్రం.

రూపకల్పన

2014 నవంబరులో వెలువడిన 1.9 కూర్పులో "వేవ్" (అల) అనే కొత్త రూపం ప్రవేశపెట్టబడింది. ఈ రూపంలో తెరను నొక్కి ఉంచితే బొమ్మ ఏటవాలుగా పైకి, వదిలితే ఏటవాలుగా క్రిందికి పోతుంది. నేరుగా ముందుకు పోవడం దానికి సాధ్యం కాదు. ఇరుకైన దారిలో నిలకడగా సాగాలంటే నొక్కుతూ వదులుతూ ఉండవలసిందే. అది గడిచిన మార్గం రంపపు పళ్ళవలె తెరపై గీతగా కనిపిస్తుంది.

ఈ కొత్తదనాన్ని నైన్ సర్కిల్స్ చక్కగా వినియోగించుకున్నది. పాట ఉధృతమయ్యే ఘట్టంలో బొమ్మ వేవ్ రూపం ధరించి ఇరుకైన దారిలోకి ప్రవేశిస్తుంది. అదే సమయంలో నేపథ్యపు రంగు తాళానికి అనుగుణంగా వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. దీనివలన ఆటగానికి రెండు పరీక్షలు ఒకేసారి ఎదురవుతాయి: ఒకటి వేలి నిలకడకు, రెండవది చూపు నిలకడకు. అలంకరణ స్వల్పమే అయినా వెలుగు, దారి, ధ్వని ఒకే లయలో నడవటమే ఇందలి విశేషం.

నిర్ధారణ నియమం

ఎంత కఠినమైన లెవెల్‌ను నిర్మించినా, దానిని నేరుగా ప్రచురించడం కుదరదు. ముందుగా దానిని సాధారణ పద్ధతిలో మొదటి నుండి చివరి వరకు మధ్యలో ఓడకుండా ఆడి చూపాలి. దీనిని "వెరిఫికేషన్" అంటారు. సాధన పద్ధతిలో లభించే చెక్‌పాయింట్లు ఇందుకు చెల్లవు. ప్రశ్నపత్రం కూర్చినవారే ముందుగా దానికి జవాబులు వ్రాయవలసిన పరీక్ష వంటిది ఇది. మోసపు సాఫ్ట్‌వేరుతో ఈ నియమాన్ని తప్పించుకున్న సందర్భాలు ఇతర లెవెళ్ళ విషయంలో లేకపోలేదు. అయినను, అసాధ్యమైన లెవెళ్ళు ప్రచురణ కాకుండా ఆపే ముఖ్యమైన అడ్డుకట్ట ఇదే.

ప్రభావం

నైన్ సర్కిల్స్ తరువాత మెరిసే నేపథ్యం, ఇరుకైన వేవ్ దారి కలిగిన లెవెళ్ళు విరివిగా వచ్చాయి. సోనిక్ వేవ్, పొల్టర్‌గైస్ట్ ఈ కోవలోనివే. 2017 జనవరిలో వెలువడిన 2.1 కూర్పులో డీమన్ తరగతి ఈజీ, మీడియం, హార్డ్, ఇన్‌సేన్, ఎక్స్‌ట్రీమ్ అనే ఐదు భాగాలుగా విభజింపబడింది. నైన్ సర్కిల్స్ వీటిలో మధ్యదైన "హార్డ్" భాగంలో చేరగా, సోనిక్ వేవ్ చివరిదైన "ఎక్స్‌ట్రీమ్" భాగంలో చేరింది. అనుకరణలు కాఠిన్యంలో మూలాన్ని మించిపోయాయని దీనివలన తెలుస్తుంది.

జాగ్రత్తలు

వేగంగా మెరిసే వెలుగు కొందరిలో మూర్ఛను ప్రేరేపించగలదు. 1997 డిసెంబరులో జపాన్ టెలివిజన్‌లో ప్రసారమైన పోకెమాన్ భాగంలోని ఎరుపు, నీలం మెరుపుల వలన 600 మందికి పైగా ఆసుపత్రులలో చేరారు. వెబ్ పేజీలలో ఏదీ సెకనుకు మూడు మార్లకు మించి మెరవరాదని అంతర్జాతీయ వెబ్ ప్రమాణాలు సూచిస్తున్నాయి. కావున మూర్ఛ వ్యాధి ఉన్నవారు ఇటువంటి లెవెళ్ళకు దూరంగా ఉండటం మంచిది. తక్కినవారు కూడా వెలుతురు ఉన్న గదిలో, తెరకు తగినంత దూరంలో కూర్చుని ఆడాలి. కంటికి గాని తలకు గాని ఇబ్బంది తోచిన వెంటనే ఆట ఆపివేయాలి.