బొమ్మకు చెప్పేది చెయ్యా, నోరా?

ముందుగా ఒక ఆట ఆడి చూడండి. మీ స్నేహితుణ్ణి ఎదురుగా నిలబెట్టి, అతడు బొమ్మ అనుకోండి. నోటిమాటతోనే అతనిచేత సెల్యూట్ కొట్టించాలి. "కుడిచెయ్యి ఎత్తు" అంటారు. ఎంత ఎత్తాలి? "ఇంకొంచెం... అబ్బే, అంత కాదు. మోచెయ్యి వంచు..." మా తొమ్మిదో తరగతిలో ఒక్క సెల్యూట్‌కు నాలుగు నిమిషాలు పట్టింది! ఈసారి మాటలు మానేసి, మీరెలా చేస్తే అలా చెయ్యమనండి. పని క్షణంలో అయిపోతుంది. కాని మీరు ముక్కు గోక్కుంటే బొమ్మ కూడా గోక్కుంటుంది!

వర్చువల్ రియాలిటీలో బొమ్మలను ఆడించే ఇంజనీర్లకు ఎదురయ్యే చిక్కు సరిగ్గా ఇదే. కళ్ళజోడు వంటి పెద్ద సాధనం తగిలించుకుంటే చుట్టూ కంప్యూటరు గీసిన లోకం కనిపిస్తుంది. అందులోని బొమ్మను నడపడానికి మీటలున్న పిడులు పట్టుకోవచ్చు. అవీ వద్దనుకుంటే మిగిలేవి ఉత్త చేతులూ, నోరూ.

ఈ రెండింటినీ కలిపితే ఏమవుతుందో అమెరికాలోని ఎం.ఐ.టి.లో రిచర్డ్ బోల్ట్ 1980లోనే చూపించారు. గోడంత తెరమీద రంగురంగుల ఆకారాలు. ఎదురుగా కుర్చీలో మనిషి. అతని మణికట్టుకు కట్టిన చిన్న పరికరం అయస్కాంత క్షేత్రం సాయంతో చెయ్యి ఎటు చూపుతోందో కంప్యూటరుకు తెలుపుతుంది. మనిషి ఒకవైపు చూపి "దాన్ని" అని, మరోవైపు చూపి "అక్కడ పెట్టు" అని ఇంగ్లీషులో అంటాడు. ఆకారం అక్కడికి చేరుతుంది! ఆ యంత్రానికి తెలిసిన మాటలు సుమారు 120 మాత్రమే. "అక్కడ" అన్న మాటకు విడిగా అర్థమేముంది? మాట వినిపించిన క్షణంలో చెయ్యి ఎటు ఉందో చూడడమే ఇందులోని కిటుకు.

తరవాత చేతి తొడుగులు వచ్చాయి. 1980ల నాటి ఒక రకం తొడుగులో వేళ్ళ వెంట కాంతిని మోసే సన్నని తీగలుండేవి. వేలు వంచితే తీగలో కాంతి తగ్గేది. ఆ తగ్గుదలను కొలిచి వంపు ఎంతో లెక్కకట్టేవారు. ఇప్పుడు తొడుగు అక్కర్లేదు. కళ్ళజోడుకున్న కెమేరాలే వేళ్ళ కణుపులను గుర్తుపడతాయి.

అయినా ముక్కు గోకుడు సమస్య పోలేదు! భస్మాసురుడి కథ మీకు తెలుసుగదా. మోహినితో పాటు నాట్యం చేస్తూ తన తలమీదే చెయ్యి పెట్టుకున్నాడు. అది నాట్యభంగిమా, ఆజ్ఞా అన్న తేడా వరానికేం తెలుసు? కంప్యూటరూ అంతే. అందుకే ఇంజనీర్లు స్కూటరు క్లచ్ వంటి ఉపాయం వాడతారు. బొటనవేలు, చూపుడువేలు కలిపి ఉంచినంతసేపే బొమ్మ మీ చేతిని అనుకరిస్తుంది. విడదీస్తే మీ చెయ్యి మీది.

నడువు, ఆగు వంటి ఆజ్ఞలకు నోరు బాగుంటుంది. ఎందుకంటే చెయ్యి చాచి ఎంతసేపు ఉంచగలరు? రెండు నిమిషాలు ప్రయత్నించండి, తెలుస్తుంది. కాని మాట పూర్తయితేగాని యంత్రానికి అర్థం కాదు. ఈలోగా బొమ్మ మరో అడుగు వేసేస్తుంది సుమా!

మా తరగతిలో మూడోసారి ఇలాగే ఆడించాం. వేళ్ళు కలిపితే అనుకరించాలి, మాట వింటే నడవాలి. సెల్యూట్ చక్కగా వచ్చింది. "ఆగు" అన్నది మాత్రం ఆలస్యమై, బొమ్మగారు వెళ్ళి నల్లబల్లకు గుద్దుకున్నారు. ఇక "ఎగురు" అనడానికి సైగ ఏదో చెప్పమంటే, ఒక్కో బెంచీ ఒక్కో సైగ చూపించింది. మీరైతే ఏది చూపిస్తారు?